ఏరువాకనాటి శీలావతి

మా తాతగారి చెరువు మీద నేను నెలజీతానికి పనిచేశాను. ఈ ఒక్క మాట ముందుగా చెప్పేస్తే మిగతాదంతా చెప్పడం తేలిక.

గుంటూరుకు పడమరగా, నల్లరేగడి నేలల మధ్య మా ఊరు. చుట్టూ మిరప, పత్తి, పొగాకు. అంత మేరలో ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే చోటు మా తాతగారు కట్ట పోయించిన చెరువొక్కటే. జమీందారీలు రద్దయినప్పుడు నేను కాలేజీలో చదువుకుంటున్నాను. చదువు పూర్తయి ఇంటికి వచ్చేసరికి పొలాలు రైతుల పేర పట్టాలయ్యాయి, చెరువు ప్రభుత్వపరమైంది. మాకు మిగిలింది సగం పెంకులు జారిపోయిన దివాణం, దాని ముందు సింహాల గుమ్మం, గుమ్మంలో పడక్కుర్చీ, కుర్చీలో మా పెదనాన్నగారు. మా నాన్నగారు ఆ దిగులుతోనే పోయారు. పెదనాన్నగారు మాత్రం దిగులు పడలేదు. రోజూ ఉదయం తలపాగా చుట్టుకుని, ఎవరో పని మీద వస్తారన్నట్టు ఆ కుర్చీలో కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు.

నేను జంతుశాస్త్రం చదివాను గనుక మత్స్యశాఖలో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్ళు ఎక్కడెక్కడో తిరిగాక, చేపపిల్లల కేంద్రానికి మేనేజరుగా వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. కేంద్రం ఎక్కడా అని చూస్తే మా ఊరు, మా చెరువు. వద్దనాలనుకున్నాను. వద్దంటే కారణం చెప్పాలి. ఆఫీసులో ఎవరో గుమాస్తా ముందు నిలబడి మా వంశం సంగతి చెప్పుకోవడం కంటే, వెళ్ళి ఆ కట్ట మీద కూర్చోవడమే మేలనిపించింది.

ఇప్పుడు చేపపిల్లల కేంద్రం అంటే సిమెంటు తొట్లు, పంపులు, కరెంటు. అప్పుడు మాకున్నది చెరువు, దాని దిగువన తవ్విన చిన్న చిన్న గుంటలు, ఒక రేకుల షెడ్డు. శీలావతి, బొచ్చె లాంటి చేపలు నిలవ నీళ్ళలో ఎంత పెరిగినా గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలి. అందుకే అంతకుముందు ఏళ్ళలో వరదలప్పుడు నదుల్లో పిల్లలను పట్టి కుండల్లో పోసుకుని చెరువులకు మోసేవారు. మా రోజుల్లో కొత్త పద్ధతి వచ్చింది. చేప తలలో, మెదడు కింద, ఆవగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాన్ని తీసి, నూరి, ఆ రసాన్ని కడుపు పండిన ఆడచేపకు సూదితో ఎక్కిస్తే, వరద వచ్చిందనుకుని నిలవ నీళ్ళలోనే గుడ్లు వదిలేస్తుంది. వదిలే చోట గుడ్డసంచి ఒకటి నీళ్ళలో కట్టాలి, దోమతెర తిరగేసినట్టు, నాలుగు గుంజలకు. ఆడచేపనూ మగచేపలనూ అందులో వదులుతాం. ఒక్క శీలావతి కడుపులో ఒక తాలూకా చెరువులకు సరిపడే పిల్లలుంటాయి.

ఊళ్ళో నాకు పేరు పెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చేపలకు సూదులు పొడిచే జమీందారు. ఎదురుగా అనేవారు కాదు, నేను కట్ట మలుపు తిరిగాక అనేవారు. మలుపు అంత దూరంలో లేదన్న సంగతి వాళ్ళకూ తెలుసు.

మా ఊరి సర్పంచి తండ్రి మా దివాణంలో గుర్రాలకు మేత వేసినవాడు. సర్పంచిని ఆయన అని రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి కష్టపడుతుంది, కానీ రాస్తున్నాను. ఆయన మిరపతోటలు చెరువు ఎగువన ఉండేవి. ఆ చలికాలం ఎండ్రిన్ అనే పురుగుమందు కొత్తగా వచ్చి ఊరంతా వాడుతున్నారు. ఆయన కూలీలు మందు కొట్టిన పంపులు తెచ్చి చెరువు నీళ్ళలో కడుగుతుంటే నేను వెళ్ళి ఆపాను. సర్పంచి గట్టు మీదే ఉన్నారు.

“ఏమండీ మేనేజరు గారూ, మిరపకు పురుగు పడితే మందు కొట్టుకోవద్దంటారా?”

“కొట్టుకోండి. పంపులు మాత్రం చెరువులో కడగొద్దు.”

“మరెక్కడ కడగమంటారు? మా ఆడవాళ్ళు నీళ్ళు కాచుకునే గంగాళంలోనా?”

కూలీలు పకపకా నవ్వారు. నేను నవ్వు అయిపోయేదాకా ఆగి, “ఇందులో చేపలున్నాయి, ఇవి ప్రభుత్వం చేపలు” అన్నాను.

“ఇంకా మీ తాతగారి చెరువే అనుకుంటన్నట్టున్నారు. గవర్నమెంటుదని మీరే అంటిరి. గవర్నమెంటంటే ఎవరనుకున్నారు? మేమే. ఒరేయ్, కడగండిరా, చూస్తారేంది!”

మర్నాటికి పిల్లల కోసం మేపుతున్న పెద్ద చేపలు వెల్లకిలా తేలాయి. తెల్లటి కడుపులు పైకి పెట్టుకుని రెల్లులోకి కొట్టుకుపోయాయి. వాటిని తినకూడదని చెప్పి గొయ్యి తీయించి పూడ్పించాను. మంచి చేపలు మట్టిపాలు చేశాడని ఊరు దానికి కూడా నన్నే తిట్టింది.

పై అధికారి జీపు వేసుకుని వచ్చారు. నెమ్మదైన మనిషి, ఎక్కడో కోస్తా పైభాగం నుంచి వచ్చినవారు. చెరువంతా చూసి, షెడ్డులో నా కుర్చీలో కూర్చుని చెప్పారు. “చూడండి, ఈ కేంద్రం దండగని మీ సర్పంచి పైకి అర్జీ పెట్టాడు. చెరువు తమకిస్తే కట్ట తెంపి సాగులోకి తెస్తామంటున్నాడు. వచ్చే తొలకరికి మీరు పిల్లలు తీసి చూపించాలి. కనీసం ఒక్క గుంటలో. చూపిస్తే నేను నిలబెడతాను. లేకపోతే చెరువు వాళ్ళకు పోతుంది. నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు.”

సరేనన్నాను. ఉద్యోగం గురించి నాకు బెంగ లేదు, ఇంకో చోట వేస్తారు. చెరువు ఇంకో చోట ఉండదు. పొలాలు పోతే ఏమీ అనలేదు, బండ్లూ గుర్రాలూ పోతే ఏమీ అనలేదు. ఆ నీళ్ళు మాత్రం అక్కడే ఉండాలని, జీతగాడిగానైనా నేను చూస్తుండాలని అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

వేసవిలో నీరు తగ్గాక వల వేయించి చూస్తే మగచేపలు కొన్ని బతికున్నాయి. ఆడచేపల్లో సూదికి పనికొచ్చేది ఒక్కటే ఉంది. శీలావతి. పొడుగాటి చేప, పొలుసుల అంచుల్లో రాగి రంగు. దానికి తవుడు, వేరుశెనగ చెక్క ముద్దలు కట్టించి నా చేత్తోనే వేశాను. జ్యేష్ఠం వచ్చేసరికి కడుపు మెత్తగా, నిండుగా తిరిగింది. ఇక తొలి వాన పడటమే తరువాయి.

సంచి కోసం చీరాల నుంచి పల్చటి నేతగుడ్డ తెప్పించి ఊళ్ళో దర్జీ సాయిబును పిలిచాను.

“ఏం కుట్టాలండీ?”

“దోమతెర లాంటిది. అడుగు కూడా మూసి ఉండాలి.”

“ఎవరికండీ?”

“చేపకు.”

సాయిబు గుడ్డను వేళ్ళ మధ్య రాసి చూశాడు. “పెళ్ళికూతురికి పరదా అన్నమాట. కుడతానండీ, ఏరువాక వెళ్ళనివ్వండి. గుడ్డ దివాణంలోనే ఉంచండి, నా కొట్లో ఎలకలున్నాయి.”

గుడ్డను నా గదిలో బల్ల మీద పెట్టాను.

చెరువులో వల వేసేది బెస్తవాళ్ళు. తాతల నాటి నుంచి ఆ నీళ్ళ మీదే బతికినవాళ్ళు, ఇప్పుడు కేంద్రం కూలికి వచ్చేవారు. వాళ్ళ పెద్ద ముసలివాడు, నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని చెరువు దాటించినవాడు. అతన్ని పిలిచి చెప్పాను. “నేను గుంటూరు వెళ్ళొస్తాను. ఈలోగా ఆ శీలావతిని వల వేసి పట్టి, దెబ్బ తగలకుండా చిన్న గుంటలోకి మార్చండి.”

“ఏరువాకనాడు వల వెయ్యమంటారా బాబుగారూ? మంచి రోజు.”

“ఎప్పుడైనా సరే. చేప జాగ్రత్త.”

గ్రంథుల కోసం గుంటూరు చేపల బజారుకు వెళ్ళాను. మా ఇంటి మగవాళ్ళెవరూ ఆ బజారులో అడుగుపెట్టి ఉండరు. ఇస్త్రీ బట్టలతో వెళ్ళి, బురదలో పీట వేసుకుని, తలలు చీలుస్తూ కూర్చున్నాను. చేపలమ్మే ఆమె చాలాసేపు చూసింది.

“ఏంది బాబూ, మొండెం వద్దా? తలకాయలేనా?”

“తలకాయలు కూడా మీరే ఉంచుకోండి. లోపల ఉండేది కావాలి నాకు.”

“మెదడా? అయ్యో, మా ఆయనక్కూడా అదే తక్కువ. దొరికితే ఇటు ఒకటి పడెయ్యి!”

బజారంతా నవ్వింది. నేను తల ఎత్తలేదు. గ్రంథులను స్పిరిటు సీసాలో వేసుకుని, చేతులు కడుక్కుని, నల్లపాడు దాకా నడిచి రైలెక్కాను. చేతుల వాసన పోలేదు. సీసా మాత్రం జేబులో భద్రంగా ఉంది. ఆ రోజు ఏరువాక పున్నమి. రైలు కిటికీలోంచి చూస్తే, కొమ్ములకు రంగులు పూసిన ఎద్దులు దుక్కికి పోతున్నాయి. నైరుతిన మబ్బు పట్టింది. చాలాకాలం తర్వాత నా మనసు కొంచెం తేలికపడింది.

కట్ట దగ్గరకు వచ్చేసరికి డప్పులు వినిపించాయి. ఎద్దుల ఊరేగింపు అనుకున్నాను. శబ్దం దివాణం వైపు నుంచి వస్తోంది. సింహాల గుమ్మం మీద తడి వల ఆరేసి ఉంది. లోపల వాకిట్లో బెస్తవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. అందరి తలలకూ కొత్త గుడ్డలు. ముసలివాడు నన్ను చూసి లేచి ఎదురొచ్చాడు.

“వచ్చారా బాబుగారూ! ఇయ్యాల మీరు ఊళ్ళో లేరే అని దిగులుపడ్డాం.”

గుమ్మంలో రాతిపలక మీద పొలుసులు మెరుస్తున్నాయి. అంచుల్లో రాగి రంగు.

“ఏ చేప ఇది?” అన్నాను. తెలిసే అడిగాను.

“మీరు మార్చమన్న చేపేనండి. వల వెయ్యగానే ఎవరో చెప్పినట్టు అదే వచ్చి పడ్డది. కడుపు చూస్తే నిండు చూలాలు! తొలి వలకు అంత చేప, అదీ ఏరువాకనాడు. దివాణానికి కాక ఎవరికండీ?”

మా తాతగారి కాలంలో ఉన్న ఆనవాయితీ అది. ఏరువాకనాడు చెరువులో మొదట పడిన పెద్ద చేపకు పసుపు రాసి, తామరాకులో పెట్టి, డప్పులతో దివాణానికి తెచ్చేవారు. తెచ్చినవాళ్ళకు దివాణం కొత్త బట్ట పెట్టేది. జమీందారీ పోయిన నాటి నుంచి ఆగిపోయింది.

“చిన్న గుంటలోకి మార్చమని చెప్పాను గదా.”

“చెప్పారండి. అది మేనేజరుగారి లెక్కన చెప్పారు. దివాణానికి రావాల్సింది మీరు నోరు తెరిచి అడుగుతారా? అడక్కుండా తెచ్చి ఇవ్వాల్సింది మేము. ఇన్నాళ్ళూ చెరువు మీద ఎవరెవరో కూర్చున్నారు. ఇప్పుడు మీరు కూర్చున్నారు. ఇంకా తేకపోతే మాకు అన్నం సయిస్తదా?”

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ ముఖం మీదకు చేయి ఎత్తాలనిపించింది. ఎత్తలేదు.

పెదనాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. తలపాగా కొత్తగా చుట్టారు. ఆయన ముఖం అంత వెలుగుగా ఉండగా చూసి ఎన్నేళ్ళయిందో.

“ఏరా, చూశావా? మరిచిపోయారనుకున్నాను. మరవలేదు.”

“పెదనాన్నగారూ, ఆ చేప సర్కారుది.”

“సర్కారు వచ్చి తింటుందా?”

“దాని పిల్లలు కావాలి. దాని కోసమే నేను ఇక్కడ...”

“చేపలకేం, చెరువు నిండా ఉంటాయి. కాళ్ళు కడుక్కుని రా, వడ్డిస్తారు. అన్నట్టు, వీళ్ళకు పెట్టడానికి ఇంట్లో కొత్త గుడ్డ లేదు. నీ బల్ల మీద గుడ్డ తాను కనిపించింది. సమయానికి తెచ్చి పెట్టావు.”

అప్పుడు చూశాను ఆ తలగుడ్డల వైపు. చీరాల నేత. సాయిబు కుట్టవలసిన పరదా ముక్కలు ముక్కలై అందరి తలల మీద ఉంది.

వసారాలో విస్తళ్ళు వేశారు. చాలా ఏళ్ళ తర్వాత అక్కడ పంక్తి. పెద్దమ్మ పులుసు వడ్డించుకుంటూ వచ్చింది. పెదనాన్నగారు ఆమెను ఆపి, “జన వాడికి వెయ్యి. చెరువు చూసుకునేది వాడు” అన్నారు. జన అంటే చేప కడుపులోని గుడ్లు. మా వైపు ఇంటి పెద్దకో, కొత్త అల్లుడికో వేస్తారు. కారం పట్టించి పెనం మీద వేయించిన ఆ ముద్ద నా విస్తట్లో పడింది. పసుపుపచ్చగా, గింజ గింజ విడిగా కనిపిస్తూ. ఒక తాలూకా చెరువుల పిల్లలు.

నేను తినలేదు. లేవనూ లేదు. విస్తరి ముందు నుంచి లేస్తే పెదనాన్నగారికి అవమానం, వాకిట్లో బెస్తవాళ్ళకు అవమానం. పంక్తి అంతా తిని లేచేదాకా వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. పెదనాన్నగారు నా విస్తరి చూశారు. చూసి, ఇంకోవైపు తిరిగి ముసలివాడితో మా తాతగారి వేట కబుర్లు మొదలుపెట్టారు. బయట వాన మొదలైంది. ఎంతో మంచి వాన.

ఇంకో కేంద్రానికి ఆడచేప కోసం మనిషిని పంపాను. వాళ్ళవి వాళ్ళకే చాలవన్నారు. జేబులో సీసా అలాగే ఉంది.

అధికారి వచ్చేసరికి గుంటలు నిండి తొణుకుతున్నాయి, వాటిలో వానకప్పలు తప్ప ఏమీ లేవు. సర్పంచి కూడా వెంట వచ్చారు. డప్పుల సంగతి ఊరంతటికీ తెలుసు, అధికారికీ తెలిసిపోయింది. ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు. “వలవాళ్ళు దొంగిలించారని ఒక్క మాట చెప్పండి. వాళ్ళ మీద కేసు పెడతాం. చేప పోయింది దొంగతనం వల్ల కాబట్టి ఇంకో ఏడాది గడువు అడుగుతాను. కేంద్రం నిలబడుతుంది, మీరూ నిలబడతారు.”

ఒక్క మాట. చెరువు ఇంకో ఏడాది ఉండేది. ముసలివాణ్ణి పోలీసులు తీసుకుపోయేవారు. నా చీరాల గుడ్డ తలకు చుట్టుకునే పోయేవాడు, ఎందుకు తీసుకుపోతున్నారో తెలియకుండా.

“దొంగతనం కాదండీ” అన్నాను. “మా ఇంటికి రావలసిన చేప మా ఇంటికి వచ్చింది.”

“మీ ఇంటికి రావలసిందా? ఏ చట్టం ప్రకారం?”

సర్పంచి పెద్దగా నవ్వారు. “నే చెప్పలా సార్? ఈయన ఉద్యోగం చేయడానికి రాలా. జమీ చేయడానికి వచ్చాడు.”

అధికారి నా ముఖంలోకి జాలిగా చూశారు. సర్పంచి నవ్వు కంటే అది కష్టమనిపించింది.

కేంద్రం ఎత్తేశారు. నన్ను కొత్తపట్నం తీరానికి, జాలర్లకు వలనూలు ఇచ్చే డిపోకు వేశారు. వెళ్ళే ముందు కట్ట తెంపుతుంటే చూశాను. చూడనక్కర్లేదు, కానీ ఇంట్లో కూర్చుంటే దాక్కున్నాడంటారు. సర్పంచి పార నా వైపు చాచారు. “మీరూ ఒక చెయ్యి వెయ్యండి మేనేజరు గారూ. మీ తాతగారు వేసిన మట్టి గదా.” నేను చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళన్నీ పోయేదాకా నిలబడ్డాను. బురదలో మిగిలిన చేపల కోసం ఊరు ఊరంతా గంపలతో దిగింది. ఆ ఏడే అక్కడ పత్తి విత్తారు. చెరువు మన్ను బలమైనది, పత్తి మనిషెత్తు పెరిగిందని చెప్పుకున్నారు.

పెదనాన్నగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చూపు మందగించి గుమ్మం దాటడం మానేశారు. నేను చెప్పాలని రెండు మూడుసార్లు వెళ్ళాను. “చెరువు ఎలా ఉందిరా?” అని ఆయనే అడిగేవారు. “ఉంది” అనేవాణ్ణి.

మళ్ళీ ఏరువాక వచ్చింది. నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ముసలి బెస్త ఒక్కడే వచ్చాడు. డప్పులు లేవు. వాళ్ళవాళ్ళందరూ గుంటూరు మిర్చి కొట్లలో బస్తాలు మోస్తున్నారని చెప్పాడు. తలకు ఆ చీరాల గుడ్డ ఉంది, మిరప ఘాటుకు ఎర్రబారి ఉంది. చేతిలో తామరాకు లేదు, విస్తరాకు. దాంట్లో పసుపు రాసిన చేప.

నేను చూడగానే పోల్చాను. పండుగప్ప, సముద్రపు చేప. కన్ను తెల్లబారింది, మొప్పల్లో ఐసు నీరు. నేను పీట వేసుకుని తలలు చీల్చిన ఆ బజారులోనే కొని తెచ్చి ఉంటాడు. ఎంత పెట్టి కొన్నాడో నేను అడగలేదు. అతను నా వంక చూడలేదు.

“దొరగారికి దణ్ణాలు. తొలి చేపండీ” అన్నాడు కుర్చీ ముందు నిలబడి.

పెదనాన్నగారు చెయ్యి చాచి చేపను తడిమి చూశారు. తల నుంచి తోక దాకా, నెమ్మదిగా.

“చూశావుట్రా!” అన్నారు నా వైపు తిరిగి. “ప్రభుత్వం ప్రభుత్వం అంటావు. చెరువు మనదే.”

ముసలివాడికి పెట్టడానికి ఇంట్లో కొత్త గుడ్డ లేదు. పెదనాన్నగారు తన తలపాగా విప్పి ఇచ్చారు. అతను దాన్ని కళ్ళకద్దుకుని, పాతదాని మీదే చుట్టుకున్నాడు.

పెద్దమ్మ వండింది. పెదనాన్నగారు వట్టి తలతో విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, “మన నీళ్ళ రుచే వేరు” అన్నారు. ఆ పులుసులో ఉప్పునీటి వాసన, ఐసు వాసన. ముసలివాడు వాకిట్లో గొంతుక్కూర్చుని నా విస్తరి వైపే చూస్తున్నాడు.

నేను వీపు నిటారుగా పెట్టుకుని తిన్నాను. ముల్లు కూడా మిగల్చలేదు.